బొంబాయి బస్సు ఎక్కకుండా చేసే పని

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, ముందు వరసలో ఉన్న సార్లకు, మేడమ్‌లకు నమస్కారం.

మా నాయన గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని కోస్గిలో బొంబాయి బస్సు ఎక్కేవాడు. మీలో చాలామంది ఇళ్లల్లో ఈ కథ ఉంటుంది. దేశంలో ఏ డ్యామ్ కట్టినా పాలమూరు లేబర్ చెయ్యి పడాల్సిందే అనేవారు. నేను మాత్రం ఈ ఊళ్లోనే అద్దె గదిలో కూర్చుని, యూరప్‌లోని ఒక టీమ్‌కు నాలుగేళ్లుగా పని చేస్తున్నాను. బ్లాక్‌చెయిన్ కోడ్‌లో తప్పులు వెతకడం నా పని. బ్లాక్‌చెయిన్ అంటే చాలా కంప్యూటర్లలో ఒకేలా ఉండే లెక్కల పుస్తకం. క్రిప్టో కాయిన్లు నడిచేది దాని మీదే.

ముందే ఒక మాట. ఏ కాయిన్ కొనాలో చెప్పడానికి నేను రాలేదు. కొనడం వేరు, ఆ రంగంలో పని చేసి జీతం తీసుకోవడం వేరు. అప్పు చేసి కాయిన్లు కొన్న మా ఊరి పిల్లలను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఎథీరియం అనే బ్లాక్‌చెయిన్ 2015లో మొదలైంది. అందులో నడిచే ప్రోగ్రామ్‌ను స్మార్ట్ కాంట్రాక్ట్ అంటారు. డబ్బు దాని చేతిలోనే ఉంటుంది. ఒకసారి ఎక్కించాక మామూలుగా దాన్ని దిద్దలేం. 2016 జూన్‌లో 'ద డావో' అనే కాంట్రాక్ట్ నుంచి సుమారు 36 లక్షల ఈథర్లు, అంటే ఎథీరియం కాయిన్లు, లాగేశారు. ఏం జరిగిందో కిరాణా కొట్టు లెక్కలో చెబుతాను. మీ డబ్బు సేటు దగ్గర దాచుకున్నారు. అడిగితే సేటు ముందు డబ్బు చేతిలో పెట్టి, తర్వాత పద్దులో కొట్టేస్తాడు. కొట్టేసేలోపే మళ్లీ అడిగితే? పద్దులో బాకీ అలాగే ఉంది కాబట్టి మళ్లీ ఇస్తాడు. మళ్లీ అడిగితే మళ్లీ ఇస్తాడు. ముందు పద్దు కొట్టి తర్వాత డబ్బు ఇచ్చి ఉంటే సరిపోయేది. వరస తప్పడమే నష్టం తెచ్చింది.

ఇలాంటివి పట్టుకునేవాళ్లు ఈ రంగానికి చాలా అవసరం. పెద్ద ప్రాజెక్టుల కోడ్ చాలావరకు అందరికీ కనిపించేలా ఉంటుంది. బెర్లిన్‌లో ఉన్నవాడు చదివే కోడే అచ్చంపేటలోనూ చదవొచ్చు. 2022లో వర్మ్‌హోల్ అనే ప్రాజెక్టు ఒక్క తప్పు చూపినందుకు కోటి డాలర్ల బహుమతి ఇచ్చింది. అది అందరికీ దక్కేది కాదు. ఇలా తప్పులు వెతికిన మొదటి ఏడాది నాకు ఒక్క రూపాయి రాలేదు.

కోడ్ రానివాళ్లకూ టెస్టింగ్, కస్టమర్ సపోర్ట్, వివరణ పత్రాలు రాయడం లాంటి పనులున్నాయి. నాకు తెలిసిన ఒక బీఎస్సీ చెల్లె మొదట చేసింది, ఒక ప్రాజెక్టు వివరణలో తప్పుగా ఉన్న ఒక్క వాక్యాన్ని దిద్ది, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైట్‌లో పంపడం. వాళ్లు ఆ దిద్దుబాటును తీసుకున్నారు. తర్వాత ఇంటర్వ్యూలో ఆమె చూపించిందీ అదే. స్మార్ట్ కాంట్రాక్టులు రాసే సాలిడిటీ భాష ఉచితంగా నేర్చుకోవచ్చు. సెపోలియా లాంటి టెస్ట్ నెట్‌వర్క్‌లో విలువ లేని ఈథర్‌తో ఎన్నిసార్లయినా తప్పులు చేయొచ్చు. మన ఊరి పక్కన దివిటిపల్లిలో ఐటీ టవర్ వచ్చింది, నల్లగొండలోనూ వచ్చింది, సంతోషం. ఈ పనికి మాత్రం టవర్ కోసం ఎదురుచూడక్కర్లేదు.

ఇప్పుడు నాకు తగిలిన దెబ్బ చెబుతాను. వీడియో కాల్‌లో ఇద్దరు మర్యాదగా ఇంటర్వ్యూ చేశారు. పరీక్ష అంటూ ఒక ఫోల్డర్ పంపి, నా ల్యాప్‌టాప్‌లో రన్ చేయమన్నారు. చేశాను. పొద్దున లేచేసరికి నా కాయిన్లుండే వాలెట్ ఖాళీ. పెద్ద మొత్తం కాదు గానీ చెల్లి ఫీజు కోసం దాచింది. వారం రోజులు ఇంట్లో చెప్పలేకపోయాను. తెలియని కోడ్‌ను డబ్బున్న కంప్యూటర్‌లో నడపొద్దు. వాలెట్ తెరిచే 12 లేదా 24 పదాలు ఎవరికీ చెప్పొద్దు. రిజిస్ట్రేషన్ ఫీజు, ట్రైనింగ్ డిపాజిట్ అంటే అక్కడితో ఆపేయండి. గుంపు మేస్త్రీ అయినా మనకు అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయేవాడు. మననే కట్టమనేవాడు దొంగ.

జీతం బ్యాంకు ఖాతాలోకే అడగండి. టోకెన్లలో, అంటే కాయిన్లలో, ఇస్తే వచ్చిన రోజు విలువను ఆదాయంగా చూపాలి, అమ్మినప్పుడు లాభం మీద 30 శాతం పన్ను. ఈ 30 శాతం 2022 ఏప్రిల్ నుంచి ఉంది. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకునే వీలు లేదు.

శనివారం పొద్దున పదింటికి మీ ల్యాబ్‌లో ఉంటాను. ఆ సేటు పద్దు కోడ్‌ను బోర్డు మీద రాస్తాను. ఏ లైను ముందుకు రావాలో మీరే చెప్పాలి.