పోటు కంటే ముందే ఒడ్డెక్కాలి: రిబుల్ నుంచి సాల్వే దాకా బాతుల వేటపై ఫోన్-ఇన్

(బ్రిటన్‌లోని తెలుగువారి కోసం నడిచే ఇంటర్నెట్ రేడియో కార్యక్రమం నుంచి. అతిథి లాంకషైర్‌లో స్థిరపడిన డాక్టర్, అక్కడి వైల్డ్‌ఫౌలింగ్ (తీరాల్లో నీటి పక్షుల వేట) క్లబ్ సభ్యుడు.)

యాంకర్: అందరికీ నమస్కారం. సెప్టెంబర్ 1న బాతుల వేట సీజన్ మొదలైంది. జనవరి 31 దాకా ఉంటుంది, సముద్రపు పోటు తడిపే నేల మీదైతే ఫిబ్రవరి 20 దాకా. మనవాళ్లలోనూ ఈ సరదా మొదలుపెట్టినవాళ్లున్నారు. డాక్టర్ గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ ప్రెస్టన్ నుంచి.

శ్రోత (ప్రెస్టన్): నమస్తే సర్. ఈమధ్యే నాకు షాట్‌గన్ సర్టిఫికెట్ వచ్చింది. రిబుల్ నది సముద్రంలో కలిసేచోట బాతులు బాగా దిగుతాయంట కదా. బీచ్ అందరిదీ కాబట్టి ఈ శనివారం తెల్లవారుజామున వెళ్దామనుకుంటున్నాం.

డాక్టర్: వెళ్లకండి. సర్టిఫికెట్ ఇచ్చింది తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి. నేల మీద హక్కు వేరే సంగతి. ఇంగ్లండ్‌లో పోటు నేలకు కూడా ఓనర్ ఉంటాడు. సగం వరకు క్రౌన్ ఎస్టేట్ (రాజరికం పేరిట ఉన్న భూములు చూసే సంస్థ) ఆస్తి. అక్కడ వేట హక్కును మామూలుగా క్లబ్బులు లీజుకు తీసుకుంటాయి. పైగా రిబుల్ మొగలో చాలా భాగం నేషనల్ నేచర్ రిజర్వ్. అనుమతి లేకుండా తుపాకీతో అడుగుపెడితే అది క్రిమినల్ కేసు.

శ్రోత: పబ్లిక్ ఫుట్‌పాత్ ఉంది కదా సర్?

డాక్టర్: అది నడవడానికి. తుపాకీ తూటాలు తీసేసి కవర్లో ఉండాలి. ముందు క్లబ్బులో చేరండి. చాలా క్లబ్బులు మొదటి సీజన్ ఒక పాత మెంబర్ వెంట పంపిస్తాయి, ఏ పక్షి ఏదో గుర్తుపట్టగలరా అని పరీక్ష పెడతాయి. మీరు క్లే షూటింగ్‌కు, అంటే ఎగిరే మట్టి పళ్లాల మీద గురి సాధనకు వాడే తూటాలు సీసంవైతే పోటు నేల మీద పనికిరావు. ఇంగ్లండ్‌లో 1999 నుంచి నిషేధం. స్టీల్ తూటాలకు మీ తుపాకీ తట్టుకుంటుందో లేదో గన్‌స్మిత్‌కు చూపించండి.

యాంకర్: లాంకాస్టర్ నుంచి ఇంకొకరు.

శ్రోత (లాంకాస్టర్): అన్నా, నేను మెంబర్‌నే. పోటు వేళల పట్టిక చూసుకునే వెళ్తాను. అయినా పోయినవారం నీళ్లు గంట ముందే వచ్చేశాయి. బాగా టెన్షన్ పడ్డాను.

డాక్టర్: పట్టికలో టైము జీఎంటీనా, సమ్మర్ టైమా?

శ్రోత: ...చూడలేదన్నా.

డాక్టర్: చూడండి. యాప్‌లో సమ్మర్ టైము, అచ్చు పట్టికలో జీఎంటీ ఉండొచ్చు. అక్టోబర్ చివరి ఆదివారం దాకా గడియారం గంట ముందు నడుస్తుంది. సమ్మర్ టైమును జీఎంటీ అనుకుని ఇంకో గంట కలిపామంటే, మనం అనుకున్నదానికంటే గంట ముందే నీళ్లు వచ్చేస్తాయి. ఆ రోజు గాలెటు?

శ్రోత: పడమర గాలి, గట్టిగానే ఉంది.

డాక్టర్: అది రెండో కారణం. పడమటి గాలి నీళ్లను మొగలోకి తోస్తుంది. వాతావరణ పీడనం ఒక్కో మిల్లీబార్ తగ్గినకొద్దీ మట్టం సుమారు సెంటీమీటర్ పెరుగుతుంది. తుఫాను రోజున పట్టికలో అంకె కంటే అరడుగు, అడుగు ఎక్కువే వస్తుంది. బాతులు కిందుగా ఎగిరేదీ అలాంటి రోజునే కాబట్టి మనవాళ్లకు అదే ఇష్టం.

ఇంకో మాట. లివర్‌పూల్ తీరంలో అమావాస్య, పౌర్ణమి దరిదాపుల్లో పెద్ద పోటు ఎప్పుడూ మధ్యాహ్నం పన్నెండు, అర్ధరాత్రి పన్నెండు ప్రాంతంలోనే వస్తుంది. అంటే తెల్లవారుజామున మీరు దిగేసరికి నీళ్లు కనుచూపు మేరలో ఉండవు. ఎంత దూరమైనా వెళ్లొచ్చనిపిస్తుంది. ఆ ధైర్యమే ముంచుతుంది. పోటు మొదటి గంటలో నెమ్మదిగా ఉంటుంది, మూడో గంట, నాలుగో గంటల్లోనే సగం నీరు వచ్చేస్తుంది. మీరేమో ముందున్న సముద్రం వైపే చూస్తుంటారు. నీళ్లు ముందు మీ వెనకున్న పాయల్లోకి ఎక్కుతాయి. వచ్చేటప్పుడు చీలమండల దాకా ఉన్న పాయ తిరిగి వెళ్లేసరికి నడుము దాకా ఉంటుంది. ఒక కర్ర తీసుకుని నీటి అంచున గుచ్చండి. దాన్ని చూస్తూ ఉండండి. నీళ్లు కర్ర దాటాయంటే లేచి నడవడమే, బాతు గుంపు నెత్తిమీదికి వస్తున్నా సరే. లివర్‌పూల్ పట్టికలో 9 మీటర్లు దాటిన రోజు నేను అసలు లోపలికి పోను.

మీ ఊరి దగ్గరే మోర్‌కాంబ్ బేలో 2004 ఫిబ్రవరి 5 రాత్రి గుల్లలు ఏరుకోవడానికి వెళ్లిన చైనా కూలీలు ఇరవై మందికి పైగా పోటులో చిక్కుకుని చనిపోయారు. వాళ్లకు దారి చెప్పేవాడు లేడు.

శ్రోత: కాలు బురదలో దిగబడితే ఏంచేయాలన్నా?

డాక్టర్: లాగకండి. లాగినకొద్దీ రెండో కాలు దిగుతుంది. వెనక్కి వాలి పడుకోండి, ఒక్కో కాలును మెల్లగా ఊపుతూ పైకి తెచ్చి, వచ్చిన దారినే పాకండి. ఫోన్ వాటర్‌ప్రూఫ్ సంచిలో, మెడకు ఈల, జేబులో దిక్సూచి ఉండాలి. పొగమంచులో పోటు శబ్దం అన్ని వైపుల నుంచీ వస్తుంది, చెవిని నమ్మొద్దు. ఎమర్జెన్సీ నంబర్ 999కి కొట్టి కోస్ట్‌గార్డ్ అనండి, పోలీస్ అనొద్దు.

యాంకర్: కింగ్స్ లిన్ నుంచి. చెప్పండి.

శ్రోత (కింగ్స్ లిన్): సర్, నాదొక ఫిర్యాదు. మా దగ్గర వాష్ అనే సముద్రపు పాయ తీరంలో తెల్లారగట్ల కూర్చున్నాను. గీస్ (బాతుల కంటే పెద్ద అడవి పక్షులు) గుంపు వచ్చింది, రెండు తూటాలు కాల్చాను. దూరంగా కూర్చున్న ఒక పెద్దాయన వచ్చి అందరిముందూ తిట్టిపోశాడు. నా రంగు చూసే అలా అన్నాడనిపించింది.

డాక్టర్: అలాంటివాళ్లూ ఉంటారు, కాదనను. కానీ ఒకటి అడుగుతాను. గీస్ ఎంత ఎత్తులో ఉన్నాయి?

శ్రోత: యాభై, అరవై గజాలు ఉండొచ్చు.

డాక్టర్: ఏదైనా పడిందా?

శ్రోత: లేదు సర్.

డాక్టర్: ఆయన మాటతీరు సంగతి నాకు తెలీదు, కోపం మాత్రం అర్థమవుతోంది. షాట్‌గన్ నలభై గజాల లోపు పని. దానికి మించితే పక్షి చావదు, దెబ్బ తిని ఎగిరిపోతుంది. పింక్‌ఫుట్ అనే గులాబీ కాళ్ల గీస్ రాత్రంతా బురద మీద పడుకుని, తెల్లారాక పొలాల్లోకి మేతకు బయల్దేరతాయి. ముందు వరసలో ఒకడు తొందరపడి కాల్చాడంటే గుంపు మొత్తం పైకి లేచిపోతుంది. వెనక పదిమంది మూడు గంటలకు లేచి వచ్చింది దండగ. మీరు ఆయనకు ఎంత దూరంలో కూర్చున్నారు?

శ్రోత: వంద గజాలు... ఆయన ముందే వచ్చి ఉన్నాడు.

డాక్టర్: అది ఇంకో తప్పు. ముందొచ్చినవాడిదే చోటు. ఆయనకీ మీకూ మధ్య రెండొందల గజాలైనా వదలండి, ఆయనకు పక్షులు వచ్చే దారికి అడ్డం కూర్చోకండి. ఈసారి కార్ పార్క్‌లో కనిపిస్తే ‘గుడ్ మార్నింగ్, మీరెటు వెళ్తున్నారు, నేనెటు కూర్చోమంటారు?’ అని అడగండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి. రైతు గేటుకు అడ్డంగా కారు పెట్టొద్దు, ఖాళీ తూటాలు ఏరుకురావాలి. అన్నట్టు నార్ఫక్‌లో ఆదివారం వేట లేదు.

యాంకర్: అమలాపురం నుంచి ఒక అమ్మగారు.

శ్రోత (అమలాపురం): నాయనా, మావాడు అక్కడే ఉద్యోగం. తెల్లారగట్ల తుపాకీ పట్టుకుని మొగలోకి పోతున్నాడంట. ఇక్కడ అడవి బాతును పడితే కేసు పెడతారు. మీ దేశంలో పర్లేదా?

డాక్టర్: పర్లేదమ్మా, కొన్ని జాతులకే అనుమతి. మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టాన్ని 1991లో సవరించినప్పటి నుంచీ అసలు వేటే లేదు.

శ్రోత: కేసు సంగతి సరే. పోటు సంగతి వాడికి తెలుసా? వాడు పుట్టింది మొగ దగ్గరే గానీ, ఎప్పుడూ చదువే, నీళ్లలో దిగినవాడు కాదు.

డాక్టర్: రెండు అడగండమ్మా. కారు ఎక్కడ పెడుతున్నావు, ఎన్నింటికి ఒడ్డెక్కుతావు అని. ఆ రెండూ రాసి ఇంట్లో పెట్టి వెళ్లమనండి. ఆ టైముకు ఫోన్ రాకపోతే భార్యను 999కి కొట్టమనండి.

శ్రోత: భార్య ఎక్కడుంది నాయనా, సంబంధాలు చూస్తున్నాం.

డాక్టర్: అయితే పక్కింటివాళ్లకు చెప్పి వెళ్లమనండి.

యాంకర్: చివరి కాల్ డంఫ్రీస్ నుంచి.

శ్రోత (డంఫ్రీస్): సర్, మా ప్రొఫెసర్ ఆదివారం ఇక్కడి సాల్వే సముద్రపు పాయకి రమ్మన్నారు. స్కాట్లండ్‌లో పోటు నేల మీద ఎవరైనా వేటాడొచ్చంట కదా?

డాక్టర్: ప్రజలకు ఆ హక్కు ఉంది, కానీ అక్కడిదాకా వెళ్లే దారి రైతుదైతే అడగాలి, కేర్లావ్‌రాక్ లాంటి రిజర్వ్‌లో పర్మిట్ ఉండాలి. ఆదివారం, క్రిస్మస్ రోజున స్కాట్లండ్‌లో బాతుల్ని, గీస్‌ని కాల్చడం నేరం. ప్రొఫెసర్ గారు పక్షుల్ని చూడ్డానికి రమ్మన్నారేమో కనుక్కోండి. ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల నుంచి వచ్చే బార్నకిల్ అనే జాతి గీస్ సాల్వేలోనే చలికాలం గడుపుతాయి, వాటిని తాకకూడదు. మసక చీకట్లో రంగు కనిపించదు, కూత వినండి. కుక్కపిల్లలు అరిచినట్టు ఉంటే తుపాకీ దించేయండి.

శ్రోత: శనివారం వెళ్లి ఒక పింక్‌ఫుట్ దొరికితే, మా ఫ్రెండ్ రెస్టారెంట్‌కి అమ్మొచ్చా?

డాక్టర్: అడవి గూస్‌ను అమ్మడం చట్టవిరుద్ధం. వండుకుని తినండి, లేదా ఊరికే ఇచ్చేయండి. కాళ్ల మాంసం గట్టిగా ఉంటుంది, ఎక్కువసేపు ఉడకబెట్టాలి.