చప్పట్ల వెల, పాట విలువ

శ్రోతలకు నమస్కారం. షేర్లలో మదుపు గురించి ప్రసంగం అనగానే ఇక అంకెల వరస మొదలవుతుందనీ, అది తమకు సంబంధించినది కాదనీ చాలామంది అనుకుంటారు. అందుకని ఈ విషయాన్ని ఈ రోజు ఆఫ్రికా ఖండపు గాయకుల మీదుగా చెప్పదలచాను. ఒకసారి రికార్డయిన పాట ఏళ్ల తరబడి సంపాదించి పెట్టే తీరుకూ, నిలదొక్కుకున్న కంపెనీ సంపాదించి పెట్టే తీరుకూ దగ్గరి పోలిక ఉంది. పైగా నైజీరియాలోని లాగోస్ నగరంలో ఆఫ్రోబీట్స్ అనే నేటి నృత్య గీతాల సంగీతమూ, 1961 నుంచి షేర్ల లావాదేవీలు నడుపుతున్న స్టాక్ ఎక్స్ఛేంజీ రెండూ ఉన్నాయి కనుక ఉదాహరణల కోసం ఎక్కువ దూరం పోనవసరం లేదు.

అయితే షేరు అంటే ఏమిటో ముందుగా దక్షిణాఫ్రికా నుంచి చూడాలి. 1939లో జోహానెస్‌బర్గ్‌లో సోలొమన్ లిండా అనే జూలూ గాయకుడు తన బృందంతో కలిసి ‘ఎంబూబే’ అనే పాటను రికార్డు చేసి, దాని హక్కులను రికార్డు కంపెనీకి 10 షిల్లింగులకు రాసిచ్చాడు. ఆ తరువాత పదేళ్లలో ఆ పాట లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయింది. అమెరికా చేరి, ఇంగ్లీషు మాటలు తొడుక్కుని, సింహం నిద్రపోతున్నదన్న పల్లవితో ప్రపంచమంతా తిరిగింది. లిండా మాత్రం 1962లో పేదవాడిగానే కన్నుమూశాడు. ఆయన కుమార్తెలు కోర్టుకు ఎక్కిన తరువాత, 2006లో రాజీ కుదిరి, రాయల్టీలో, అంటే పాట వాడకంపై వచ్చే రుసుములో, వారికి భాగం దక్కింది. అదే జోహానెస్‌బర్గ్‌లో 1887 నుంచి స్టాక్ ఎక్స్ఛేంజి నడుస్తూనే ఉంది. బంగారు గనుల్లో వాటాలు కొన్నవారు గనిలోకి దిగకుండానే ఏటా లాభాంశం అందుకుంటున్న ఊరిలో, పాట కట్టినవాడికి కూలి మాత్రమే ముట్టింది.

పాడినందుకు చేతికి వచ్చిన 10 షిల్లింగులు కూలి అయితే, ఆ పాట ముందుముందు ఆర్జించబోయే దానిలో భాగం వాటా అవుతుంది. షేరు ఈ రెండో రకానికి చెందినది. కంపెనీకి లాభం వస్తే అందులో కొంత డివిడెండ్‌గా మీకు రావచ్చు, మిగిలినది వ్యాపారంలోకే తిరిగి వెళ్లి మీ వాటా విలువను పెంచవచ్చు. నష్టం వస్తే మీరు పెట్టిన సొమ్ము వరకు పోతుంది, అంతకు మించి కంపెనీ అప్పులకు మీరు జవాబుదారీ కారు.

ఇక ధర సంగతి. మార్కెట్‌కు కొత్తగా వచ్చినవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే. నైజీరియా గాయకుడు సీకే 2019లో ‘లవ్ న్వాంటితి’ అనే పాటను విడుదల చేశాడు. స్వదేశంలో అది బాగానే ఆడింది. 2021లో టిక్‌టాక్‌లో కుర్రకారు దానికి నాట్యం చేయడం మొదలుపెట్టగానే అది యూరప్‌లోనూ ఇండియాలోనూ మారుమోగింది. ఆ రెండేళ్లలో అసలు పాట మారలేదు, మారింది వినేవారి సంఖ్య. షేరు ధర కూడా ఆ పూట కొనేవారూ అమ్మేవారూ కలిసి కట్టే వెల మాత్రమే. కంపెనీ సరుకు, ఖాతాలు, యాజమాన్యం అన్నీ నిన్నటివే అయినా ధర ఈ రోజు పది శాతం పెరగవచ్చు, రేపు పదిహేను శాతం పడవచ్చు. అందువల్ల ధరను ఒంటరిగా చూడకుండా, షేరు ఒక్కింటికి కంపెనీ ఏడాదిలో ఎంత లాభం సంపాదిస్తున్నదో, దానికి ఎన్ని రెట్లు వెల మనల్ని అడుగుతున్నారో లెక్కవేయడం అవసరం. లాభం 10 రూపాయలై ధర 150 అయితే 15 రెట్లు, ధర 600 అయితే 60 రెట్లు. 60 రెట్లు పెట్టి కొనేవారు, ఆ లాభం రాబోయే ఏళ్లలో ఎన్నో ఇంతలు అవుతుందన్న నమ్మకానికి ముందుగానే డబ్బు చెల్లిస్తున్నారన్నమాట.

ధర ఎంత విచిత్రమైన కారణంతోనైనా కదలగలదనడానికి 2018 నాటి ముచ్చట ఒకటుంది. ఆ ఏడాది జూన్‌లో అమెరికా గాయకుడు కాన్యే వెస్ట్ ‘యే’ అనే పేరుతో ఆల్బం విడుదల చేశాడు. దానికోసం వెతికినవారికి, అదే పేరుతో అప్పటికే విడుదలైన నైజీరియా గాయకుడు బర్నా బాయ్ పాట ఎదురైంది. పొరపాటున వచ్చి విన్నవారిలో చాలామంది అక్కడే ఆగిపోయారు, ఎందుకంటే పాట బాగుంది. సరిగ్గా ఇలాంటిదే 2020లో అమెరికా మార్కెట్లో జరిగింది. లాక్‌డౌన్ రోజుల్లో వీడియో సమావేశాలు నడిపే జూమ్ కంపెనీ షేర్లు కొనబోయి, పేరు పోలిక వల్ల జూమ్ టెక్నాలజీస్ అనే మరో చిన్న కంపెనీ షేర్ల మీద జనం పడ్డారు. వాటి ధర ఆకాశానికి ఎగబాకడంతో నియంత్రణ సంస్థ మార్చి నెలలో ఆ షేర్ల లావాదేవీలనే తాత్కాలికంగా నిలిపివేసింది. పొరపాటున వచ్చినవారిని పట్టి ఉంచే సత్తా బర్నా బాయ్ పాటకు ఉంది, ఆ చిన్న కంపెనీ దగ్గర లేదు.

2020 జనవరిలో లాస్ ఏంజిలిస్‌లో జరిగిన గ్రామీ సంగీత పురస్కారాల వేడుక మదుపరులకు మరింత ఆసక్తికరమైనది. ప్రపంచ సంగీతపు విభాగంలో బర్నా బాయ్ ‘ఆఫ్రికన్ జెయింట్’ ఆల్బం పోటీలో ఉంది, ఆయనకే వస్తుందని అభిమానులు గట్టిగా అనుకున్నారు. అవార్డు మాత్రం బెనిన్ దేశపు ఆంజెలిక్ కిడ్జోకు వెళ్లింది. ఆమె వేదిక మీదనే దానిని బర్నా బాయ్‌కి అంకితమిచ్చింది. కిడ్జో 1960లో పుట్టి, దశాబ్దాలుగా ఆల్బం తరువాత ఆల్బం చేసుకుంటూ వచ్చిన కళాకారిణి. ఆమె పేరు పతాక శీర్షికలకు ఎక్కినా ఎక్కకపోయినా ఆమె కచేరీలు ఆగలేదు, ఇప్పటికి అయిదు గ్రామీలు ఆమె దగ్గర ఉన్నాయి. మార్కెట్లో ఇలాంటి కంపెనీలను బ్లూచిప్ అంటారు. సబ్బులు, పాలపొడి, బీరు, సిమెంటు వంటివి అమ్ముతూ, మామూలు ఏళ్లలో క్రమంగా డివిడెండ్ ఇచ్చే పాత కంపెనీలు ఈ వర్గంలోకి వస్తాయి. బర్నా బాయ్ తొలి ఆల్బం 2013లో వచ్చింది, గ్రామీ 2021లో వచ్చింది. మధ్యలోని ఎనిమిదేళ్లూ సరళరేఖలా పైకి సాగినవి కావు. ఇది గ్రోత్ షేరు స్వభావం. ఇందులో పెట్టినవారికి ఫలితం పెద్దదిగా ఉండవచ్చు కానీ, అది ఏ ఏడాది వస్తుందో కంపెనీకే తెలియదు. రెంటిలో ఏది మేలని నన్ను అడిగితే, వయసు మీరి నెలనెలా ఖర్చులకు చూసుకునేవారికి కిడ్జో తరహా, పాతికేళ్ల ఉద్యోగ జీవితం ముందున్నవారికి కొంత బర్నా బాయ్ తరహా కూడా నప్పుతుందంటాను.

రేపటి బర్నా బాయ్ ఎవరో ముందుగా కనిపెట్టగలమనుకోవడం మాత్రం సాహసమే. డాన్ జాజీ అనే సంగీత నిర్మాత 2012లో లాగోస్‌లో మావిన్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీని స్థాపించి ఎందరో కళాకారులను తీసుకున్నాడు. వారందరూ ఒకేలా వెలగలేదు. 2019లో పరిచయమైన రేమా పాడిన ‘కామ్ డౌన్’ 2022లో విడుదలై, ఆ ఏడాదే సెలీనా గోమెజ్ గొంతుతో మళ్లీ వచ్చి, 2023లో అమెరికాలో పాటల ఆదరణను కొలిచే ప్రధాన చార్టులో మూడో స్థానానికి చేరింది. 2024లో యూనివర్సల్ మ్యూజిక్ గ్రూప్ అనే పెద్ద రికార్డు సంస్థ మావిన్‌లో అధిక భాగం వాటా కొనుగోలును ప్రకటించింది. యూనివర్సల్ కొన్నది రేమా ఒక్కడిని కాదు, కళాకారుల మొత్తం జాబితాను. ఇండెక్స్ ఫండ్ చేసేది ఇదే పని. సూచీలోని, అంటే మార్కెట్ తీరును కొలవడానికి ఎంచిన జాబితాలోని, కంపెనీలన్నింటిలోనూ కొద్దికొద్దిగా కొంటుంది, వెలగని వాటిని భరిస్తుంది, వెలిగినది ఏదైనా దాని చేతిలో ఉండేలా చూసుకుంటుంది.

ఇంతవరకు చెప్పినదంతా సొంత డబ్బు పెట్టేవారి గురించి. అప్పు చేసి పెట్టేవారి కథ వేరు, దానిని లాగోస్ మార్కెట్ చరిత్రే చెబుతుంది. 2008 మార్చిలో అక్కడి ప్రధాన సూచీ 66 వేలు దాటింది. బ్యాంకులు షేర్లు కొనుక్కోవడానికి విచ్చలవిడిగా అప్పులిచ్చాయి. కొన్ని చోట్ల తమ షేర్లనే కొనేందుకు కూడా ఇచ్చాయి. ధర పెరుగుతున్నంత కాలం అందరూ తెలివైనవారే. విదేశీ మదుపరులు వెనక్కి మళ్లి, చమురు ధర పడి, షేర్లు జారడం మొదలైనప్పుడు అప్పు తీర్చడానికి అమ్మకాలు, ఆ అమ్మకాల వల్ల మరింత పతనం, దానివల్ల మరిన్ని అమ్మకాలు. ఏడాది తిరిగేసరికి సూచీ 20 వేల దగ్గరకు వచ్చింది. 2009లో కేంద్ర బ్యాంకు గవర్నరు సనూసీ లమీదో సనూసీ ఎనిమిది బ్యాంకుల అధిపతులను తొలగించారు. మొండి బాకీలను కొనడానికి 2010లో ప్రభుత్వం ప్రత్యేక సంస్థనే నెలకొల్పవలసి వచ్చింది. సూచీ మళ్లీ 66 వేలు దాటడానికి 2023 వరకు పట్టింది. ఆ పదిహేనేళ్లలో డాలరు విలువ నైజీరియా కరెన్సీలో దాదాపు 117 నైరాల నుంచి 700 పైకి చేరింది కనుక, సూచీ పాత అంకెను అందుకున్నా మదుపరి అసలు విలువను అందుకోలేదు. ఆదరణ తగ్గినా పాట పాటగానే ఉంటుంది, అభిమాని ఓపిక పట్టగలడు. అప్పు ఇచ్చినవాడు ఓపిక పట్టడు.

కరెన్సీ సంగతి వచ్చింది కనుక గాయకుల పోలిక ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. నైజీరియా గాయకులు విజ్‌కిడ్, టెమ్స్ పాడిన ‘ఎసెన్స్’ 2020 చివరలో వచ్చి, ఏడాది తరువాత అమెరికా చార్టులో మొదటి పది స్థానాల్లోకి చేరింది. అలాంటి పాటకు డాలర్లలో ఆదాయం వస్తుంది, నైరా పడినకొద్దీ లాగోస్‌లో దాని కొనుగోలు శక్తి పెరుగుతుంది. ఆ సంపాదన ఎంతో, దాని మీద అప్పులెన్నో బయటివారికి తెలిసే మార్గం మాత్రం లేదు. గాయకుడి మీద అభిమానం పెంచుకోవచ్చు, ఆయన ఖాతాలు చదవలేము. స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైన, అంటే లిస్టయిన, కంపెనీ ఖాతాలు చదవగలం, చదివి తీరాలి.

ఎంటీఎన్ నైజీరియా ఇందుకు తగిన ఉదాహరణ. ఆ దేశంలో అతి పెద్ద టెలిఫోన్ కంపెనీ అయిన ఇది 2019లో షేరు 90 నైరాల చొప్పున లాగోస్ ఎక్స్ఛేంజిలో లిస్టయింది. 2021 డిసెంబరులో మాతృసంస్థ తన వాటాలోంచి 57.5 కోట్ల షేర్లను 169 నైరాల చొప్పున ప్రజలకు అమ్మకానికి పెట్టింది. మొబైల్ ఫోన్ ద్వారానే దరఖాస్తు చేసుకునే వీలుండడంతో సామాన్యులు కూడా ముందుకు వచ్చారు. ఆ తరువాత ఏటేటా ఆదాయం పెరుగుతూనే ఉంది, వాడకందార్లకు కొదవ లేదు. అయినా 2023లో కంపెనీ 137 బిలియన్ నైరాల నష్టం చూపించింది. కారణం వసూళ్లలో లేదు. టవర్ల అద్దె ఒప్పందాల్లోనూ విదేశీ అప్పుల్లోనూ లెక్క డాలర్లకు ముడిపడి ఉంది, వసూళ్లన్నీ నైరాల్లో ఉన్నాయి. 2023 జూన్‌లో నైరా మారకపు విలువను మార్కెట్‌కు వదిలేయగానే అప్పు భారం ఉబ్బి లాభాన్ని మింగేసింది. ఆ ఏడాదికి తుది డివిడెండ్ ఇవ్వలేదు, 2024లో నష్టం ఇంకా పెద్దదైంది. 2025లో నైరా కుదుటపడి, ఛార్జీలు పెరిగిన తరువాతే కంపెనీ మళ్లీ లాభాల్లోకి వచ్చింది. టవర్ల అద్దె డాలరుకు ముడిపడి ఉందన్న సంగతి నష్టం రాకముందు కూడా కంపెనీ పత్రాల్లోనే ఉంది. వార్షిక నివేదికలో ఛైర్మన్ సందేశం, రంగుల ఫోటోలు దాటి చివరి పేజీల్లోని వివరణల దాకా వెళితే అలాంటివి కనబడతాయి. నమస్కారం.