నూటికి డెబ్భై అయిదు సరే, ఏ నూటికి?

శ్రోతలకు నమస్కారం. టీవీకి తగిలించి ఆడుకునే ప్లేస్టేషన్, ఎక్స్‌బాక్స్ లాంటి గేమ్ కన్సోళ్లలో ఇంటర్నెట్ వాడకం మీద సర్వే వస్తే చాలు, వాదన మొదలవుతుంది. ఆటలన్నీ ఆన్‌లైన్ అయిపోయాయని ఒకరంటారు, వాడేవాళ్లు పట్టుమని పదిమంది లేరని ఇంకొకరు. తమాషా ఏమిటంటే చాలాసార్లు ఇద్దరూ చూపించేది ఒకే పట్టిక.

ఊహకు ఒక లెక్క వేసుకుందాం. నెల్లూరులోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ 400 ఇళ్లు తిరిగి అడిగామనుకోండి. కన్సోల్ ఉన్నవి 40. వాటిలో నెట్ కలిపినవి 30. కన్సోల్ ఉన్న ఇళ్లలో ఇది 75 శాతం. మొత్తం ఇళ్లలో ఏడున్నర శాతం. రెండూ నిజమే. దేనితో భాగించారో చెప్పకుండా శాతం ఒక్కటే చెబితే విన్నవాళ్లు తలా ఒక అర్థం తీసుకుంటారు.

పైగా ఆ 75 శాతం వచ్చింది 40 ఇళ్ల నుంచే, 400 నుంచి కాదు. ఇళ్లను లాటరీ పద్ధతిలో ఎంచుకున్నా, ఇంత చిన్న సంఖ్య మీద అటూ ఇటూ 13 శాతం దాకా తేడా రావచ్చు. అంటే అసలు సంగతి 62 నుంచి 88 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. నిరుడు 70, ఈ ఏడు 75, కాబట్టి పెరిగిందని ఈ లెక్కతో చెప్పలేం.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ప్రశ్నలోనే పుడుతుంది. “మీ కన్సోల్‌లో ఇంటర్నెట్ వాడతారా?” అని అడిగితే, డిస్కు పెట్టి ఒంటరిగా ఆడుకునే కుర్రాడు లేదంటాడు. కానీ రాత్రి రెస్ట్ మోడ్‌లో, అంటే పూర్తిగా ఆఫ్ కాకుండా నిద్రలో ఉన్న ఆ కన్సోలే అప్‌డేట్లు దించుకుంటూ ఉంటుంది. కొన్ని పెద్ద ఆటలు 100 జీబీ దాటుతాయి, డేటాకు పరిమితి ఉన్న నెట్ అయితే దాని ప్రభావం చిన్నదేం కాదు. పక్కింట్లో కన్సోల్ మీద యూట్యూబ్ తప్ప మరేదీ చూడరు, వాళ్లు అవునంటారు. ఈ జవాబులు తీసుకెళ్లి ఆన్‌లైన్ ఆటల గణాంకాలని రాయడం అన్యాయం.

జవాబు ఎవరు చెప్పారన్నదీ చూడాలి. తలుపు తీసిన తండ్రికి కన్సోల్ ఫోన్ హాట్‌స్పాట్‌తో నడుస్తోందని తెలియకపోవచ్చు. ఆన్‌లైన్ ఫారంతో చేసిన సర్వే అయితే నెట్ లేని ఇల్లు అసలు లెక్కలోకే రాదు. నెల్లూరు నగరంలోని మాగుంట లేఅవుట్‌లో ఎక్కువ, జిల్లాలో దూరంగా ఉన్న ఉదయగిరి వైపు తక్కువ ఇళ్లు అడిగి, జనాభాను బట్టి సరిచేయకుండా జిల్లా సగటు తీస్తే అది జిల్లా సగటు కాదు. గంటకింత ఇచ్చి గేమ్ సెంటర్లలో ఆడే పిల్లలు ఇళ్ల సర్వేలో దొరకనే దొరకరు.

సర్వే చేయబోయే కాలేజీ విద్యార్థులు ముందు కన్సోల్ ఉందా అని అడగండి. ఉంటే, ఆడే మనిషినే కూర్చోబెట్టి, గడిచిన 30 రోజుల్లో ఇతరులతో ఆన్‌లైన్‌లో ఆడారా, ఆటలు డౌన్‌లోడ్ చేశారా, వీడియోలు చూశారా అని విడివిడిగా అడగండి. ఒకరు రెండు మూడింటికి అవుననవచ్చు కాబట్టి మూడు శాతాలూ కూడితే మొత్తం 100 దాటవచ్చు, అది తప్పు కాదు. వాళ్లు ఒప్పుకుంటే రౌటర్ పేజీలో కనెక్ట్ అయిన పరికరాల జాబితా చూడండి, కన్సోల్ పేరు అందులో ఉంటే నోటి జవాబుకు అదొక రుజువు. ముందుగా ఓ ఇరవై ఇళ్లలో అడిగి చూసి, తికమక పెట్టిన ప్రశ్నలు మార్చుకోండి. అసలు సర్వే మొదలయ్యాక మాత్రం మార్చకండి. మారిస్తే ముందు వచ్చిన జవాబులను తర్వాతి వాటితో కలపడానికి వీలుండదు.