స్పెక్ట్రమ్ గేముల కలెక్షన్‌ని ఆడియో సీడీగా చేసి పంచుకోవడం ఎలా?

నమస్కారం అండి. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్‌ని, అంటే క్యాసెట్ టేపు శబ్దం నుంచి గేములు లోడ్ చేసుకునే 1980ల నాటి ఇంటి కంప్యూటర్‌ని, ఇంకా ఆన్ చేస్తున్నవాళ్ల కోసం ఈ వీడియో. పాత టేపులు సాగిపోయాయి, మంచి క్యాసెట్ ప్లేయర్ దొరకడం కష్టం. అందుకని సీడీ. కానీ టాప్ (.tap) ఫైళ్లు, అంటే టేపులోని గేముని కంప్యూటర్ ఫైల్‌గా దాచినవి, అలాగే డేటా సీడీ మీద రాసిస్తే స్పెక్ట్రమ్ ఏం చేసుకుంటుంది? దానికి కావాల్సింది శబ్దం. అంచేత ఆడియో సీడీ చేద్దాం. సొంతంగా రాసిన బేసిక్ ప్రోగ్రాములు, రాసినవాళ్లు పంచుకోమన్నవి, ఇవే పెట్టండి.

ఫ్యూజ్ అనే స్పెక్ట్రమ్ ఎమ్యులేటర్‌తో వాడే ఫ్యూజ్ యుటిలిటీస్‌లో టేప్2వేవ్ అనే ప్రోగ్రాము ఉంటుంది. శాంపిల్ రేటు 44100 ఇచ్చి టాప్ ఫైల్‌ని వేవ్‌గా మార్చండి. తర్వాత ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో తెరిచి 16 బిట్ స్టీరియోగా ఎక్స్‌పోర్ట్ చేయండి. నాయిస్ రిడక్షన్, ఈక్వలైజర్ జోలికి పోవద్దు. ఎంపీ3 అసలే వద్దు. సున్నా పల్స్ 855 టీ-స్టేట్లు (ప్రాసెసర్ గడియారం టిక్కులు), ఒకటి పల్స్ 1710. ఈ పొడవుల తేడాతోనే మెషీన్ బిట్లు గుర్తుపడుతుంది. అలల అంచులు మెత్తబడితే లెక్క తప్పుతుంది.

48కె (48 కిలోబైట్ల మెమరీ) గేము లోడవడానికి సుమారు 5 నిమిషాలు. 80 నిమిషాల సీడీలో 15 పెట్టుకోండి, మరీ అంచుదాకా నింపొద్దు. లెవెల్ లెవెల్‌కీ లోడయ్యే గేమైతే ఒక్కో లెవెల్‌ని వేరే ట్రాక్‌గా కోయండి, వెతుక్కునే పని తప్పుతుంది.

సీడీ రాసే ప్రోగ్రాము కే3బీలో ఆడియో ప్రాజెక్ట్, డిస్క్ ఎట్ వన్స్ (డిస్కంతా ఆగకుండా ఒకేసారి రాయడం), వేగం 8ఎక్స్ లేదా 16ఎక్స్. చెరిపి మళ్లీ రాసుకునే సీడీ-ఆర్‌డబ్ల్యూ వాడకండి, వెలుతురు తక్కువగా తిప్పికొడుతుంది కాబట్టి పాత ప్లేయర్లు చాలావరకు చదవవు. మధ్యలో కరెంటు పోతే డిస్కు చెత్తబుట్టకే, ల్యాప్‌టాప్ బ్యాటరీ నిండా ఉండాలి.

ఇప్పుడు ప్లేయర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి స్పెక్ట్రమ్ ఇయర్ సాకెట్‌కి 3.5 మి.మీ. మోనో వైరు. ప్లస్2 మోడల్‌లో ఇయర్ సాకెట్ లేదు, దానికి ఈ పద్ధతి కుదరదు. జె నొక్కండి, సింబల్ షిఫ్ట్‌తో పి రెండుసార్లు, LOAD "" అని వస్తుంది, ఎంటర్. సీడీ ప్లే చేయండి. వాల్యూమ్ ముప్పాతిక. ఇదిగో, బోర్డర్ చూడండి: ముందు ఎరుపు, లేత నీలం లావు చారలు, వెంటనే నీలం, పసుపు సన్న చారలు. లావు చారలు నిలకడగా రాకపోతే వాల్యూమ్ కొంచెం పెంచండి. చారలన్నీ బాగానే వచ్చి చివర్లో 'ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్' పడిందా? పోర్టబుల్ ప్లేయర్లలో షాక్ ప్రొటెక్షన్ (కుదుపులకి పాట తెగకుండా చూసేది) ఆపండి. కొన్ని మోడళ్లు అందుకోసం శబ్దాన్ని కుదించి దాచుకుంటాయి, గేము చెడేది అక్కడే. బాస్ బూస్ట్ కూడా తీసేయాలి.

డిస్కు మీద కాగితం లేబుల్ అంటించకండి. మన తీరం తేమకి ఊడొచ్చి డ్రైవ్‌లో ఇరుక్కుంటుంది. మెత్తని మొన మార్కర్‌తో మధ్య రింగు మీద నంబరు రాస్తే చాలు. ట్రాక్ నంబరు, గేము పేరు, 48కెనా 128కెనా అన్న జాబితా మాత్రం తెలుగులోనూ ఒడియాలోనూ కాగితం మీద పెట్టండి. చలికాలంలో కొరాపుట్ నుంచి వచ్చిన డిస్కుని వెంటనే ప్లేయర్‌లో వేయొద్దు, మంచు చెమట ఆరడానికి అరగంట వదిలేయండి.

ఇక అసలు టాప్ ఫైళ్లు వేరే డేటా సీడీలో. డాస్ మెషీన్‌లోనూ తెరుచుకోవాలంటే ఐఎస్ఓ 9660 లెవెల్ 1, ఫైల్ పేరు 8 అక్షరాలు దాటకూడదు. అదే డిస్కులో ఎండీ5 (ఒక్కో ఫైల్ లోపలి డేటా నుంచి లెక్కగట్టిన గుర్తింపు సంఖ్య) జాబితా వేయండి, అందుకున్నవాళ్లు కాపీ సరిగ్గా వచ్చిందో లేదో పోల్చి చూసుకుంటారు.