ఎలుక కడుపు నుంచి మన కడుపు దాకా

సభకు నమస్కారం.

ఇందాక ఒక పెద్దాయన లోపలికి వస్తూనే నన్ను ఆపి అడిగారు: "పరగడుపున వేపాకు నూరి మింగితే కడుపులో పుండు మానుతుందటగా, నిజమేనా అండీ?" ముప్పై ఏళ్లుగా ఔషధ మొక్కల పాఠాలు చెబుతున్నాను. అయినా ఈ ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు చెప్పలేను. మా ప్రయోగశాలలో ఏం చేస్తామో ముందు చెబుతాను.

మునగాకునే తీసుకుందాం. ఈనెలు తీసి, కడిగి, నీడలో ఆరబెడతాం. గలగలమనేదాకా ఆరాక పొడి కొట్టి, సాక్స్‌లెట్ పరికరంలో పోసి ఆల్కహాల్‌తో గంటల తరబడి మరిగిస్తాం. దిగే ద్రవం పచ్చదనం పోయి తేటపడేదాకా ఆపం. ఆల్కహాల్ ఆవిరైపోయాక గిన్నె అడుగున నల్లగా, తారులా అంటుకుని మిగిలేదే సారం. 100 గ్రాముల పొడికి 10 గ్రాములు వస్తే సంతోషిస్తాం.

ఎలుకలను ఒక రోజు పస్తు ఉంచి, కొన్నింటికి ఈ సారం, కొన్నింటికి ఉత్త నీళ్లు పడతాం. గంట తరవాత కడుపు గోడను గాయపరచడానికి అన్నింటికీ ఒక మిల్లీలీటరు స్వచ్ఛమైన ఆల్కహాల్. మరో గంటకు వాటి ప్రాణం తీసి, కడుపు తెరిచి, భూతద్దంతో చూస్తాం. నీళ్లు తాగిన ఎలుకలో లోపలి గోడ నిండా వాతలు పెట్టినట్టు ఎర్రని, నల్లని చారలు. సారం తాగినదానిలో లేత గులాబీ రంగు గోడ, అక్కడక్కడా ఒక సన్నని గీత. మొదటిసారి చూసిన రోజు నాకు నోట మాట రాలేదు. ఒక ప్రాణిని బలిపెట్టి తెలుసుకున్న సంగతి అది. దాన్ని ఉన్నదానికన్నా పెంచి చెబితే ఆ ప్రాణికీ ద్రోహమే, మీకూ ద్రోహమే.

తులసి, వేప, మునగ, జామ, సరస్వతి ఆకుల మీద ఇలాంటి ఫలితాలే వచ్చాయి. వాటిలోని ఫ్లేవనాయిడ్లు, టానిన్లు అనే రసాయనాలు కడుపు గోడ మీది జిగురు పొరను కాపాడతాయని మా అంచనా. అయితే ఒకటి గమనించండి. సారం ముందు ఇచ్చాం, గాయం తరవాత చేశాం. గొడుగు వేసుకున్నవాడు తడవలేదని తేలింది. తడిసినవాడికి వచ్చిన జ్వరం తగ్గిందా అన్నది వేరే ప్రశ్న.

మనుషుల్లో పుండ్లకు ముఖ్య కారణాలు రెండు. మొదటిది హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి. 1982లో ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో మార్షల్, వారెన్ అనే వైద్యులు దాన్ని ప్రయోగశాలలో పెంచి చూపించారు. 2005లో నోబెల్ బహుమతి వచ్చింది. అది ఉందని తేలితే యాంటీబయాటిక్ మందులు వాడవలసిందే. రెండోది నొప్పి మాత్రలు. ఆస్పిరిన్ వంటివి మన ఒంట్లో ప్రొస్టాగ్లాండిన్లు అనే రసాయనాల తయారీని అడ్డుకుంటాయని 1971లో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు చూపారు. జిగురు పొరను నిలబెట్టేవి ఆ ప్రొస్టాగ్లాండిన్లే.

ఇక మోతాదు. ఎలుకకు కిలో బరువుకు 400 మిల్లీగ్రాములు ఇచ్చామనుకోండి. మనిషికి దాన్ని ఆరుతో భాగించి లెక్కకడతారు. 60 కిలోల మనిషికి సుమారు 4 గ్రాముల సారం, అంటే 40 గ్రాముల ఎండు పొడి. పచ్చి ఆకైతే 150 గ్రాములు దాటుతుంది. పైగా నూరి తీసిన పసరూ, ఆల్కహాల్‌లో దిగిన సారమూ ఒకటి కావు.

పెద్దాయన అడిగిన వేప సంగతికి వస్తాను. కోల్‌కతాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ బయాలజీ శాస్త్రజ్ఞులు మనుషుల మీదే పరిశీలించి 2004లో ప్రచురించారు. 30 నుంచి 60 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, పది వారాలు ఇస్తే చిన్నపేగు మొదట్లో పుండ్లు దాదాపుగా మానాయి. ఎంతో ఆశ కలిగించే పని. కానీ వారు ఇచ్చింది ఆకు కాదు, బెరడు నుంచి తీసిన సారం. అదీ కొద్దిమందికే. మా రంగం ఎలుకల దగ్గర ఆగిపోకుండా ఇలాంటి పరీక్షలు పెద్ద ఎత్తున చేయాలని నా కోరిక. కొత్త ఆకుతో పాత ప్రయోగమే మళ్లీ చేస్తామని వచ్చే విద్యార్థులతో నేను రోజూ వాదిస్తున్నాను.

పెద్దాయనను నేనూ ఒక మాట అడిగాను, మోకాళ్లకు మాత్రలేమైనా వేసుకుంటున్నారా అని. రెండేళ్లుగా, చీటీ లేకుండా కొనుక్కుని, రోజుకు రెండట. అయ్యా, వేపాకు సంగతి తరవాత. ఆ మాత్రల అట్ట పట్టుకుని రేపే డాక్టరు దగ్గరకు వెళ్లండి. విరేచనం తారులా నల్లగా అయితే రేపటిదాకా కూడా ఆగకండి, అది లోపల రక్తం కారుతున్న గుర్తు కావచ్చు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.