రేసు కారులో చేతిపని ఎంత?
(ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ఇందాక టీ దగ్గర నలుగురైదుగురు పలకరించారు. అందరిదీ ఒకటే ప్రశ్న: "సార్, మోటార్‌స్పోర్ట్‌లో ఇంటర్న్‌షిప్ రావాలంటే ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" సాఫ్ట్‌వేర్ కావాలి, కాదనను. కానీ నేను పనిచేసేది ఇంగ్లండ్‌లో, రేసు కార్ల కాంపోజిట్స్ షాపులో, అంటే కార్బన్ పోగుల బట్టనూ జిగురునూ కలిపి కారు భాగాలు చేసే చోట. అక్కడికి వచ్చే స్టూడెంట్ చేతిలో మొదట పెట్టేది ఒక స్కాల్పెల్, ఒక జత గ్లవ్స్.

సిల్వర్‌స్టోన్ సర్క్యూట్ చుట్టుపక్కల జిల్లాల్లో ఫార్ములా వన్ టీములూ, వాటికి రెక్కలూ గొట్టాలూ చేసిపెట్టే చిన్న కంపెనీలూ బోలెడు. స్కూలు పిల్లలు పదిహేను, పదహారేళ్లకే వారమో రెండు వారాలో వచ్చి పని చూసి వెళ్తారు. డిగ్రీ వాళ్లయితే చివరి సంవత్సరానికి ముందు ఏడాది పాటు జీతం మీద పనిచేస్తారు. దాన్ని ప్లేస్‌మెంట్ ఇయర్ అంటారు. మన దగ్గర ప్లేస్‌మెంట్ అంటే ఉద్యోగం వచ్చేసినట్టే, కాబట్టి ఇంట్లో చెప్పేటప్పుడు జాగ్రత్త!

ఈ కార్బన్ ఫైబర్ పిచ్చి 1981లో మొదలైంది. జాన్ బార్నార్డ్ డిజైన్ చేసిన మెక్‌లారెన్ ఎంపీ4/1, డ్రైవర్ కూర్చునే గుల్లను, అంటే మోనోకాక్‌ను, పూర్తిగా కార్బన్‌తో చేసుకుని ఫార్ములా వన్‌లోకి దిగిన మొదటి కారు. ఆ మోనోకాక్‌ను తయారు చేసింది అమెరికాలోని హెర్క్యులీస్ అనే కంపెనీ. కార్బన్ పెళుసు, గుద్దుకుంటే పొడైపోతుందని చాలామంది పెదవి విరిచారు. అదే ఏడాది ఇటలీలోని మోంజా ట్రాక్‌లో, డ్రైవర్ జాన్ వాట్సన్ నడుపుతున్న ఆ మెక్‌లారెన్ పక్కనున్న బారియర్‌కు గుద్దుకుని, ఇంజిన్ ఊడి ఎటో పోయింది. ఆయన మాత్రం దిగి నడుచుకుంటూ వచ్చేశారు. ఆ తర్వాత నోళ్లు మూతపడ్డాయి.

ఇక పని సంగతి. రెజిన్, అంటే గట్టిపడే జిగురు, ముందే పట్టించిన కార్బన్ బట్టను ప్రీప్రెగ్ అంటాం. ఇది మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో ఉంటుంది. బయటికి తీశాక కవర్ వెంటనే విప్పకూడదు. చల్లటి బట్ట మీద గాలిలోని తేమ చేరుతుంది, ఆ తేమ తర్వాత పార్ట్‌లో బుడగలై కూర్చుంటుంది. అందుకే గది వేడికి వచ్చేదాకా ఆగాలి. ఎన్ని గంటలు బయట ఉందో రాసిపెట్టాలి. ఒక్కో పొర ఏ కోణంలో వేయాలో ప్లై బుక్‌లో ఉంటుంది: 0, 45, 90 డిగ్రీలు. కార్బన్ బలమంతా పోగు పొడవునే ఉంటుంది, అడ్డంగా దానికి పెద్దగా బలం లేదు. కోణం తప్పితే పైకి కనపడదు, ట్రాక్ మీదే తెలుస్తుంది. ప్రతి పొరకూ అంటుకుని ఉండే ప్లాస్టిక్ ఫిల్మ్‌ను పీకి పక్కన పెట్టి లెక్క చూసుకోవాలి. ఒక్కటి లోపల ఉండిపోయిందా, పార్ట్ చెత్తబుట్టకే. కొన్ని పొరలకొకసారి వాక్యూమ్ పెట్టి అణచాలి. చివరికి సంచిలో బిగించి, గాలి ఎక్కడా లీకవడం లేదని చూసుకుని, ఆటోక్లేవ్‌లో, అంటే పెద్ద ప్రెషర్ కుక్కర్ లాంటి ఓవెన్‌లో, ఆరేడు బార్‌ల ఒత్తిడిలో ఉడికించాలి.

ఇందులో ఇంజనీరింగ్ ఎక్కడుందంటారా? లోపలి మూల దగ్గరుంది. స్క్రీన్ మీద మూలను ఎంత సన్నగానైనా గీయొచ్చు. బట్ట మాత్రం అక్కడ దిగదు. మూలలోకి ఒదగకుండా వంతెనలా నిలబడిపోతుంది, కింది ఖాళీలో ఉత్త రెజిన్ చేరుతుంది, పగులు అక్కడే మొదలవుతుంది. డిబ్బర్ అనే ప్లాస్టిక్ పనిముట్టుతో ఆ మూలను గంటసేపు నొక్కినవాళ్లు మళ్లీ జన్మలో అలాంటి మూల గీయరు. మా షాపులో పాతికేళ్ల అనుభవమున్న లామినేటర్లు, అంటే ఈ పొరలు వేసేవాళ్లు, డ్రాయింగ్ చూడగానే "ఇది గీసినాయన్ని ఒకసారి కిందికి రమ్మను" అంటారు. ఆయన డిగ్రీ ఉన్నవాడు, వీళ్లకు లేదు. వచ్చి నిలబడి వింటాడు. మన దగ్గర ఈ దృశ్యం ఊహించగలరా? చేతిపని ఐటీఐ వాళ్లదనీ, మనం ఏసీ గదిలో కూర్చోవాలనీ మనకో లెక్క. నాకు ఒళ్లు మండేది అక్కడే.

పార్ట్ బయటికొచ్చాక సంతలో కుండ కొన్నట్టు నాణెంతో తట్టి చూస్తారు. పొర విడిపోయిన చోట శబ్దం డొల్లగా వస్తుంది. అల్ట్రాసౌండ్ పరీక్ష ఉన్నా ఈ నాణెం అలవాటు పోలేదు. తర్వాత ట్రిమ్మింగ్, అంటే అంచులు కోసి సరిచేయడం: కార్బన్ దుమ్ము, మాస్కు, దురద. ఫొటోలు తీయనివ్వరు, ఇన్‌స్టాలో పెట్టుకోవడానికి ఏమీ మిగలదు.

ఇక్కడ నేర్చుకోలేమా అంటే, తేజస్ విమానం బరువులో దాదాపు 45 శాతం కాంపోజిట్సే. అంతదాకా ఎందుకు, మన తీరంలో ఫైబర్ బోట్లు చేసే షెడ్డుకు వెళ్లండి. అక్కడ గాజు పోగు, బ్రష్షుతో పూసే రెజిన్ వాడతారు, ఆటోక్లేవ్ మాత్రం ఉండదు. అయినా గాలి బుడగను రోలర్‌తో ఎలా తరుముతారో చూస్తే సగం పాఠం వచ్చేస్తుంది. కోయంబత్తూరులో ఫార్ములా భారత్ అని, విద్యార్థులు తామే చేసిన రేసు కార్లతో దిగే పోటీ జరుగుతుంది, మీ కాలేజీ టీమ్ కట్టండి. అక్కడ డిజైన్ జడ్జీలు ఏం చేశారని అడిగి ఊరుకోరు, ఎందుకలా చేశారని అడుగుతారు. సీవీలో "కార్బన్ ఫైబర్ తెలుసు" అని రాయకండి. చేసిన ఒక్క ప్యానెల్ గురించి రాయండి: ఎన్ని పొరలు, ఏ కోణాలు, ఎక్కడ చెడింది, రెండోసారి ఏం మార్చారు. నేను చదివేది ఆ పేరానే.

ఇక ప్రశ్నలు అడగండి. వీసా ప్రశ్నలు మాత్రం ఆఖర్న, అవి మొదలైతే ఇంక దేనికీ టైముండదు.