ఎల్క్ వేటకి, టార్గెట్ షూటింగ్‌కి ఏ కాలిబర్ రైఫిల్ తీసుకోవాలి?

నమస్తే అండి. అమెరికా కొలరాడోలో ఉన్న మనవాళ్లు కొందరు ఎల్క్ (పెద్ద జాతి జింక) ట్యాగ్‌కి, అంటే వేట అనుమతికి అప్లై చేస్తున్నాం, అదే రైఫిల్‌తో రేంజిలో టార్గెట్ షూటింగ్ కూడా చేసుకోవాలి, ఏ కాలిబర్ కొనమంటారు అని అడుగుతున్నారు. మంచి ప్రశ్నే. దాని కింద వచ్చే సలహాలు చూస్తేనే ఒళ్లు మండుతుంది. "నంబర్ ఎంత పెద్దదైతే అంత పవర్, పెద్దది కొనేయ్ బ్రో!" ఇది తప్పు, పైగా జంతువుని గాయంతో వదిలేసే తప్పు, అందుకే ఈ వీడియో చేస్తున్నాను. ముందే చెప్తున్నా, ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. నేను మాట్లాడేది ఇక్కడ అమెరికాలో లైసెన్సుతో చేసే వేట గురించి మాత్రమే.

పొలంలో బోరు వేయించినవాళ్లకి ఇది నిమిషంలో అర్థమవుతుంది. ఆరున్నర అంగుళాల బోరు అన్నామంటే గొట్టం వెడల్పు తెలిసింది, అంతే. నీళ్లెన్ని పోస్తుందో తెలియాలంటే మోటారు ఎన్ని హెచ్‌పీ, ఎంత లోతులో దించారు అని అడగాలి కదా. కాలిబర్ కూడా తుపాకీ గొట్టం వెడల్పే, .22 అంటే సుమారు 0.22 అంగుళం అన్నమాట. మోటారు ఏంటంటే, కేస్‌లో, అంటే తూటా వెనకున్న ఇత్తడి గొట్టంలో పట్టే తుపాకీ మందు.

(కెమెరా అరచేతికి దగ్గరగా)

ఇదిగో చూడండి, రెండు తూటాలు. ఇది .22 ఎల్ఆర్, పొడవు అంగుళం. పక్కది .223 రెమింగ్టన్, రెండుంపావు అంగుళాలు. రెండింటి ముక్కుల్ని ఆనించి పెడితే బుల్లెట్ లావు దాదాపు ఒకటే, తేడా కంటికి ఆనదు. కానీ చిన్నదాని శక్తి సుమారు 130 ఫుట్-పౌండ్లు (ఒక పౌండు బరువుని అడుగు ఎత్తు లేపేంత శక్తి ఒక ఫుట్-పౌండు), పెద్దదానిది 1,280. బోరు ఒకటే, మోటారు మాత్రం పదింతలు! వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది, ఈ తేడాలో పెద్ద వాటా దానిదే.

పేర్లని అస్సలు నమ్మకండి. .30-06లో 06 అంటే 1906, అమెరికా సైన్యం దాన్ని తీసుకున్న సంవత్సరం. .30-30లో రెండో 30 మందు బరువు, గ్రెయిన్లలో (ఒక గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనో వంతు). ఈ రెండూ, .308 వించెస్టర్, .300 విన్ మ్యాగ్, అన్నింటి బుల్లెట్ లావు 0.308 అంగుళమే. అయినా .30-30 ఇచ్చేది 1,900 ఫుట్-పౌండ్లు, విన్ మ్యాగ్ ఇచ్చేది 3,500 దాకా.

ఇక లోతు సంగతి. యాభై అడుగుల్లో బాగా పోసే మోటారు ఐదొందల అడుగుల్లో దించితే చుక్క రాదు, తుపాకీకి ఆ లోతే దూరం. కొలరాడో రూల్ దీన్ని చక్కగా పట్టుకుంది. ఎల్క్‌కి కనీసం .24 కాలిబర్, 85 గ్రెయిన్ల బరువుండి తగలగానే విచ్చుకునే బుల్లెట్, 100 గజాల దగ్గర 1,000 ఫుట్-పౌండ్లు ఉండాలి. తుపాకీ నోటి దగ్గర ఎంత అని కాదు, 100 గజాల దగ్గర ఎంత అని అడుగుతోంది చూడండి. ఇందాకటి .223కి అక్కడ అనుమతే లేదు. చాలామంది వేటగాళ్లు ఎల్క్‌కి 1,500 ఉండాలంటారు, నేనూ అదే పాటిస్తాను. 6.5 క్రీడ్‌మోర్ (ఈ 6.5 మిల్లీమీటర్లలో) నోటి దగ్గర 2,300తో బయల్దేరి 400 గజాలకి వచ్చేసరికి ఆ 1,500 దగ్గర ఉంటుంది. కాబట్టి దాంతో 300 దాటి కొట్టకండి.

విచ్చుకునే బుల్లెట్ అన్నాను కదా. 1899 హేగ్‌లో యుద్ధానికి నిషేధించింది దీన్నే, మన కోల్‌కతా పక్కనున్న డమ్‌డమ్ ఊరి పేరే ఆ బుల్లెట్‌కి వచ్చింది. వేటలో మాత్రం అదే తప్పనిసరి, ఎందుకంటే జంతువు త్వరగా పడిపోవాలి, గాయంతో మైళ్ల కొద్దీ నడవకూడదు. రేంజిలో వాడే, నమ్మకంగా విచ్చుకోని మ్యాచ్ బుల్లెట్లతో వేటకి వెళ్లేవాళ్లని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మరి ఏకంగా పెద్ద మోటారే దించేస్తే? కరెంటు బిల్లు కట్టాలిగా! ఇక్కడ ఆ బిల్లు భుజం కడుతుంది. పేల్చినప్పుడు విన్ మ్యాగ్ భుజాన్ని వెనక్కి తన్నే తన్ను క్రీడ్‌మోర్‌కి దాదాపు రెట్టింపు. నాలుగు గుళ్లు పేల్చాక ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోతాయి, భుజం బిగుసుకుపోతుంది, గుండు ఎల్క్ గుండెకి బదులు పొట్టలో తగులుతుంది. బ్యారెల్ కూడా త్వరగా అరిగిపోతుంది.

టైమ్ అయిపోతోంది, టార్గెట్ సంగతి గబగబా చెప్పేస్తా. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల పోటీలో వాడేది ఇందాక చూపించిన ఆ చిన్న .22 ఎల్ఆరే. అక్కడ పది పాయింట్ల వలయం 10.4 మిల్లీమీటర్లే. మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్‌లో పతకం తెచ్చిన ఎయిర్ రైఫిల్‌లో అసలు మందే ఉండదు. వెయ్యి గజాలకి అయితే సన్నగా, పొడుగ్గా ఉండే 6.5 బుల్లెట్ బెస్ట్, .308 కంటే గాలికి తక్కువ పక్కకి పోతుంది. ఎఫ్-టీఆర్ (దూరపు టార్గెట్లని పడుకుని కొట్టే) పోటీలకి వెళ్లాలనుకుంటే .308, .223 తప్ప వేరే వాటికి అనుమతి లేదు.

రెండింటికీ ఒక్కటే కొనాలంటే నా ఓటు .308కి, తూటాలు ఎక్కడైనా దొరుకుతాయి. రేంజిలోనే ఎక్కువ గడిపేవాళ్లు క్రీడ్‌మోర్ తీసుకోండి. విన్ మ్యాగ్ మొదటి రైఫిల్‌గా వద్దే వద్దు. ఇంకొక్క మాట, 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి కొలరాడోలో హంటర్ ఎడ్యుకేషన్ కార్డు ఉండాలి, ముందు అది చూసుకోండి. స్కోప్ జీరో చేసేటప్పుడు, అంటే గురి పెట్టిన చోటే గుండు తగిలేలా సరిచేసేటప్పుడు, వేటకి తీసుకెళ్లే తూటాలతోనే చేయండి, బుల్లెట్ మారితే తగిలే చోటూ మారుతుంది.